వెనక సీటు మీద ఎవరి హక్?

"మామూ, బండిలో మంచి బాక్స్ పెట్టిస్తున్నా. వెనక సీటు కొంచెం కోయాలంటున్నారు. కోయించనా?" అని మా భాంజా ఫోన్ చేసినప్పుడు నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "నీ సంపాదన, నీ షౌక్. చేయించుకో బేటా" అన్నాను. ఈరోజు రాస్తున్నది ఆ జవాబు గురించే. అది గల్తీ. సీటు కోయించింది వాడే అయినా ఇజాజత్ ఇచ్చింది నేను.

వాడిది డబుల్ క్యాబిన్ పికప్. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు కూర్చోవచ్చు. ఆ వెనక సరుకు తొట్టి. రాయచోటి చుట్టుపక్కల పల్లెల నుంచి మదనపల్లె మార్కెట్‌కి టమాటా తోలతాడు. సీజన్ వస్తే రాత్రీ పగలూ ఆ స్టీరింగ్ ముందే. వాడికి దుకాణమూ అదే, బైఠక్ కూడా అదే. అందులో కాస్త మంచి ఆవాజ్ కావాలనుకోవడం తప్పేమీ కాదు.

పైగా ఆ పిచ్చి మా ఖాందాన్‌లోనే ఉంది. నా చిన్నప్పుడు అబ్బా పాత టేప్ రికార్డర్ స్పీకర్ ఊడదీసి, ఖాళీ మట్టికుండ మూతి మీద బోర్లించి పెట్టేవారు. ఆ ధుమ్ ధుమ్ వినడానికి మొహల్లా పిల్లలందరం కుండ చుట్టూ చేరేవాళ్ళం. స్పీకర్ ముందుకి ఎంత గాలి తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది. ఆ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బేస్ చచ్చిపోతుంది. వెనక వైపు ఆవాజ్‌ని బంధించడానికే అప్పుడు కుండ, ఇప్పుడు పెట్టె.

కష్టమల్లా ఆ పెట్టెకి జాగా కావాలి. 12 అంగుళాల సబ్‌వూఫర్‌కి మూసిన పెట్టె చేస్తే సుమారు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల ఖాళీ ఉండాలి. గాలి పోవడానికి రంధ్రం పెట్టే పోర్టెడ్ పెట్టె అయితే ఇంకా ఎక్కువ. కారుకి డిక్కీ ఉంటుంది. పికప్‌కి ఉండదు. తొట్టిలో పెడితే వానకి తడుస్తుంది, క్రేట్ల కింద నలుగుతుంది. ఇక మిగిలింది వెనక సీటే.

షాపువాళ్ళు సీటు కింద ఉక్కు ఫ్రేమ్ కోశారు. స్పంజి సగం తీసేశారు. ఎండీఎఫ్ చెక్కతో పెట్టె చేసి, సీటుని నాలుగు వేళ్ళ ఎత్తు లేపి, కొంచెం ముందుకి జరిపి దాని మీద బిగించారు. రెక్సిన్ కొత్తగా కుట్టారు. ఫోటోలో చాలా ఖూబ్‌సూరత్‌గా ఉంది. "మాషా అల్లా" అని మెసేజ్ పెట్టింది కూడా నేనే.

నెల తరవాత ఆపాకి మోకాళ్ళ నొప్పులు చూపించడానికి ఆ బండిలోనే కడప బయల్దేరాం. మామూని కదా, లిహాజ్ చేసి నన్ను ముందు కూర్చోబెట్టారు. వెనక ఆపా, బహూ, ఇద్దరు పిల్లలు. ఊరు దాటకముందే ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక నుంచి 'టక్' మని వినబడింది. ఆపా తల పైకప్పుకి తగిలింది. "ఏమైంది ఆపా?" అన్నాను. "కుఛ్ నై రే, నువ్వు ముందు చూసుకో" అంది.

గువ్వలచెరువులో కోవా కోసం ఆగినప్పుడు నేను వెనక ఎక్కి కూర్చున్నాను. నా తల పైకప్పుకి ఆనింది. మోకాళ్ళు ముందు సీటుకి గుచ్చుకున్నాయి. బెల్టు లాగితే వచ్చింది గానీ దాన్ని తగిలించే బకుల్ సీటు సందులో ఎక్కడో కూరుకుపోయింది. పిల్లలు కూర్చునే చోట సరిగ్గా కిందే స్పీకర్. పక్కన నిలబడిన ఆపాని "నెల రోజుల నుంచి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. "పిల్లోడి షౌక్. వాడి దిల్ ఎందుకు తోడాలి?" అంది.

నన్ను కుదిపేసిన మాట అది. మన ఇళ్ళలో బండి వెనక సీటు ఎవరిది? అమ్మీది, నానీది, బహూది, పిల్లలది. బండి ఏది కొనాలో, అందులో ఏం పెట్టాలో తేల్చేది మాత్రం ముందు కూర్చునే మగవాళ్ళం. వాళ్ళ జాగాలోంచి నాలుగు వేళ్ళు కోసుకుంటూ వాళ్ళ మష్వరా అడగం. వాళ్ళు సబ్ర్ చేస్తే ఆ ఖామోషీనే ఇజాజత్ అనుకుంటాం.

తకలీఫ్ ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. ఇది జాన్‌కి సంబంధించిన మాట కూడా. సీటు ఫ్రేమ్ కూర్చోవడానికి మాత్రమే కాదు. ఢీకొన్నప్పుడు మనిషి బరువుని బెల్టుతో కలిసి ఆపేది అదే. నడుము బెల్టు తుంటి ఎముకల మీద ఉండాలి. సీటు ఎత్తు, వాలు మారితే అది కడుపు మీదికి జారుతుంది, లోపలి అవయవాలకి దెబ్బ తగులుతుంది. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు, వెనక సీట్లో ఉన్న ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అది ఖరీదైన కారు. మన బండిలో పెట్టుకోవాలన్నా బకుల్ దొరకదు.

కానూన్ కూడా ఊరుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఎంతమంది కూర్చోవచ్చన్నది ఆ వివరాల్లో ఒకటి. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట వెతికేది కూడా ఇలాంటి మార్పులనే.

ఇక చెవుల సంగతి. 85 డెసిబెల్స్ దగ్గర పెద్దవాళ్ళు రోజుకి ఎనిమిది గంటలు ఉండవచ్చని లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంటే. పిల్లల చెవులు ఇంకా నాజూకు.

"అసలు పాటలెందుకు? పెట్టె పీకి పారెయ్యమనండి" అనేవాళ్ళు మనలో ఉన్నారని తెలుసు. ఆ బహస్ వేరే. సినిమా పాటకి కోసినా నాత్ కోసం కోసినా సీటు బలం తగ్గడంలో ఫర్క్ ఏమీ లేదు. "వాడి బండి, వాడి మర్జీ" అనేవాళ్ళకి నా జవాబ్ ఇదీ: వాడొక్కడే తిరిగే బండి అయితే సరే. జుమేరాత్ నాడు సామాను దించి శుక్రవారం ఖాందాన్‌ని ఎక్కించుకునే బండిలో అందరికీ హక్ ఉంది.

షౌక్‌ని చంపక్కర్లేదు. సీటుకి తగ్గ పెట్టె చేయించుకోవాలి గానీ పెట్టెకి తగ్గట్టు సీటు కోయకూడదు. సీటు కదలకుండా కింద ఎంత ఖాళీ ఉందో ముందు కొలవాలి. లోతు తక్కువ ఉన్న 8, 10 అంగుళాల స్పీకర్లు దొరుకుతున్నాయి. సీటు కింద దూరేలా ఆంప్లిఫయర్‌తో కలిపి చేసిన పలచటి సబ్‌వూఫర్లూ ఉన్నాయి. తలుపులు మూసిన చిన్న క్యాబిన్‌లో బేస్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి చిన్న స్పీకరే చాలు. పెట్టె జారకుండా బిగించాలి. నేలకి రంధ్రం వేసేముందు కింద డీజిల్ పైపు, బ్రేక్ పైపు, వైర్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి. బ్యాటరీ నుంచి తెచ్చే వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉండాలి. లేకపోతే వైరు ఒరుసుకున్న రోజు బండి అంటుకుంటుంది. అంతా అయ్యాక వెనక కూర్చునే వాళ్ళందరినీ ఎక్కించి, ప్రతి బెల్టూ పడుతుందో లేదో చూసి అప్పుడు డబ్బులివ్వాలి.

మా భాంజా మంచివాడు. ఆ రోజు ఆపా మాట విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కోసిన ఫ్రేమ్‌కి వెల్డింగ్ నమ్మొద్దన్నాను. అదే మోడల్ బండి సీటు పూర్తిగా ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో వెతికి వేయించాడు. ఆ ఖర్చులో సగం నేనిచ్చాను. ఇజాజత్ ఇచ్చినవాడికి జిమ్మేదారి ఉండాలి కదా. సీటు కింద ఇప్పుడు చిన్న సబ్‌వూఫర్ ఉంది. మొన్న కడపకి మళ్ళీ వెళ్ళినప్పుడు ఆపాని ముందు కూర్చోబెట్టి నేను వెనక కూర్చున్నాను. బెల్టు పడింది. ఘాట్ ఎక్కుతుంటే ఆపానే "ఆవాజ్ కొంచెం పెంచు బేటా" అంది.