లక్ష్మి తిట్టు, పిల్లవాడి రాయి

2024 డిసెంబర్ 23న శ్యామ్ బెనెగల్ ముంబైలో చనిపోయినప్పుడు సికింద్రాబాద్ వాళ్ళమంతా 'మా తిరుమలగిరి ఆయనే' అని చెప్పుకున్నాం. 1934లో అక్కడే పుట్టారు మరి. తండ్రి ఫొటోగ్రాఫర్. ఆయన కెమెరాతోనే పన్నెండేళ్ళ వయసులో మొదటి సినిమా తీశారు. ఉస్మానియాలో ఆర్థికశాస్త్రం చదివి, హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టి, ముంబై వెళ్ళి వందలాది ప్రకటన చిత్రాలు తీశారు. నలభై దగ్గర పడితే గానీ సొంత కథాచిత్రం కుదరలేదు. అదే 'అంకుర్' (1974). టీవీకి తీసిన 'యాత్ర' (1986), 'భారత్ ఏక్ ఖోజ్' (1988) ఆ తర్వాతి సంగతి. భార్య నీరా. కూతురు పియా ఆయన సినిమాలకు దుస్తులు రూపొందించింది.

'అంకుర్' అనగానే అందరూ చివర్లో పిల్లవాడు దొర కిటికీ మీదికి విసిరిన రాయినే తలుచుకుంటారు. నాకు ఆ రాయితోనే పేచీ. అంతకు ముందే లక్ష్మి నోరు విప్పింది కదా! తనను వాడుకుని, గర్భం వచ్చాక ముఖం చాటేసిన దొర కొడుకు సూర్య, మాటలు రాని తన భర్త కిష్టయ్యను కొరడాతో కొడుతుంటే అడ్డం పడి, శాపనార్థాలు పెట్టింది. తిరుగుబాటు అక్కడే మొదలైంది. ఆడది తిడితే ఏడుపు, మగపిల్లవాడు రాయి విసిరితే విప్లవం! (ఆఖరి దెబ్బ వాడి చేతే కొట్టించింది బెనెగలే అనుకోండి.)

ఆయన్ను నేను మెచ్చుకునేది సరు పాత్ర విషయంలో. సూర్య భార్య సరు, వేవిళ్ళతో ఉన్న లక్ష్మిని 'ఒంట్లో బాగాలేదు గదా' అని పనిలోంచి తీసేస్తుంది. తప్పు సూర్యది, పని పోయింది లక్ష్మికి. అల్వాల్‌లో ఇళ్ళలో పనిచేసే అక్కలకు ఈ సినిమా చూపించాం. దొరను చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. "అమ్మకు ఎరుకైతే పోయేది మన పనే గదా" అంది ఒకామె.

లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పనిచేసే చోటుగానే గుర్తించింది. మూడు నెలల్లోగా జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. ప్రాథమికంగా నిజమనిపిస్తే కమిటీ ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి. బాగుంది. కానీ ఆ మధ్యలో ఆమె ఇంటి అద్దె ఎవరు కడతారు? ఫిర్యాదు చేసిన మనిషికి పక్క వీధిలో పనెవరిస్తారు? ఇళ్ళ పనివారి కోసం 2011లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికను మన దేశం ఇంతవరకు ఆమోదించనేలేదు.

అక్కలు కమిటీ చిరునామా అడిగితే రాసిచ్చాం. ఆదివారం తెరిచి ఉంటుందా అన్నారు. ఉండదు. మిగతా రోజుల్లో వాళ్ళకు సెలవు లేదు.