పంజరపు పక్షులకు పసరు వైద్యం: ‘హాని లేదు’ అనే మాటకు కొలత కావాలి

ఆకు పసరు మేలు చేయకపోయినా కీడు మాత్రం చేయదనే నమ్మకం మన సమాజంలో బలంగా నాటుకొని ఉన్నది. పెరటి కోళ్లకు పసుపు, వేపాకు, వెల్లుల్లి వాడిన తరతరాల అనుభవం దీనికి ఆధారం. పట్టణ గృహాలలో బడ్జరిగార్లు, కాకటీళ్లు, ఫించ్‌లు, పావురాలు పెంచేవారు ఇప్పుడు అదే అనుభవాన్ని పంజరపు పక్షులకు అన్వయిస్తున్నారు. కోడి గురించి తెలిసిన శాస్త్రవేత్తకు చిలుక గురించీ తెలిసి ఉంటుందనే భావనతో వారి సందేహం చివరకు కృషి విజ్ఞాన కేంద్రానికో, పశువైద్య కళాశాలకో చేరుతుంది. “తులసి రసం పట్టవచ్చునా? వేపనూనె రాయవచ్చునా?” అని వారు అడిగినప్పుడు “వాడి చూడండి, ప్రకృతి సిద్ధమైనదే కదా” అని చెప్పడం తేలిక. ఆ తేలికైన సమాధానాన్ని మనం మానుకోవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఒక మొక్క సురక్షితమా కాదా అనేది మొక్కను మాత్రమే చూసి తేల్చదగిన విషయం కాదు. ఏ పక్షికి, మొక్కలోని ఏ భాగం, ఏ రూపంలో, ఎంత పరిమాణంలో, ఏ మార్గం ద్వారా అనే అయిదు ప్రశ్నలకు సమాధానం తెలిసినప్పుడే భద్రత అనే మాటకు అర్థం ఉంటుంది.

ఒక్క చుక్క ఎంత?

మొదట బరువును పరిశీలిద్దాం. మన అంగళ్లలో ‘లవ్ బర్డ్స్’ పేరుతో అమ్ముడయ్యే పక్షులలో అధికభాగం బడ్జరిగార్లు. ఈ పక్షి బరువు సుమారు 35 గ్రాములు. 1.75 కిలోల పెరటి కోడి దానికి 50 రెట్లు, 60 కిలోల మనిషి సుమారు 1,700 రెట్లు బరువైనవారు. మనిషి తాగే 5 మిల్లీలీటర్ల చెంచాడు కషాయాన్ని శరీర బరువు నిష్పత్తిలో తగ్గిస్తే బడ్జరిగార్‌కు వచ్చేది 0.003 మిల్లీలీటరు మాత్రమే. సాధారణ డ్రాపర్ నుండి రాలే ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు. అంటే “ఒక్క చుక్కే కదా” అని పక్షి నోట వేసినది మనిషి ఒకేసారి 17 చెంచాల కషాయం తాగడంతో సమానం.

ఈ లెక్క కూడా సంపూర్ణం కాదు. చిన్న పక్షులలో జీవక్రియ వేగం ఎక్కువ. కొన్ని ఔషధాలు వాటి శరీరం నుండి త్వరగా వెలువడతాయి, మరికొన్నింటి విషప్రభావం అంతే త్వరగా కనిపిస్తుంది. అందువల్ల మనిషి మోతాదునో, కోడి మోతాదునో భాగించి చిలుక మోతాదును రాబట్టలేము. మోతాదు ఆ జాతిలోనే నిర్ణయం కావాలి.

తాగునీటిలో కలిపితే ఇబ్బంది ఉండదనే వాదనకూ బలం లేదు. జబ్బు చేసిన పక్షి తక్కువ నీరు తాగుతుంది. నీటికి చేదు తగిలితే పూర్తిగా మానివేయవచ్చు. అప్పుడు మందు అందకపోగా ఉన్న నీరసానికి నిర్జలీకరణం తోడవుతుంది.

ఒక జాతి అనుభవం మరొక జాతికి సాక్ష్యం కాదు

దక్షిణాసియాలో రాబందుల పతనానికి పశువులకు వాడే డైక్లోఫెనాక్ కారణమని 2004లో శాస్త్రవేత్తలు నిరూపించారు. పశువుకు నొప్పి తగ్గించిన మందే దాని కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడగొట్టి ప్రాణం తీసింది. పశువైద్యంలో ఆ మందు వాడకాన్ని భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది. అది రసాయన ఔషధమే అయినా, ఒక జీవికి సురక్షితమైనది మరొక జీవికి మృత్యువు కాగలదనే సూత్రం మొక్కలకూ వర్తిస్తుంది. అవకాడో మనిషికి పుష్టికరమైన పండు. అందులోని పెర్సిన్ అనే పదార్థం బడ్జరిగార్ల, కెనరీల గుండె కండరాలను దెబ్బతీస్తుంది. కొద్ది గ్రాముల పండే ప్రాణాంతకం కాగలదు.

వెల్లుల్లి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బ్రాయిలర్ దాణాలో స్వల్ప పరిమాణంలో వెల్లుల్లి పొడిని కలిపి చేసిన పరిశోధనలు అనేకం ఉన్నాయి. వాటిని చదివిన విద్యార్థి చిలుకకూ అది మంచిదని భావించడం సహజం. అయితే ఉల్లి జాతి మొక్కలలోని గంధక సమ్మేళనాలు ఎర్రరక్తకణాలను ఛిద్రం చేయగలవు. ఉల్లికాడలు మేపిన పెద్దబాతులలో ఈ రకమైన రక్తహీనత నమోదయింది. కోడిలో వచ్చిన ఫలితం కోడికే పరిమితమని పరిశోధకుడు గుర్తుంచుకోవాలి.

“పక్షి తనకు పడనిదాన్ని తానే వదిలివేస్తుంది” అనే మాటను కూడా నమ్మలేము. మిరపలోని కాప్సైసిన్ క్షీరదాలకు మంట పుట్టిస్తుంది కాని పక్షుల గ్రాహకాలు దానికి స్పందించవు. అందుకే చిలుక పండుమిరపను ఇష్టంగా తింటుంది. మన నాలుక చేసే హెచ్చరికలన్నీ పక్షి నాలుక చేయదు.

రూపం, మార్గం, స్వచ్ఛత

ఆకు వేరు, నూనె వేరు. నీలగిరి, తులసి వంటి సుగంధ తైలాలలో ఆకులోని క్రియాశీల పదార్థాలు ఎన్నోరెట్లు సాంద్రమై ఉంటాయి. ఏ నూనెనైనా ఈకలకు పట్టిస్తే వాటి మధ్య గాలిపొర నశించి పక్షి శరీరపు వేడిని కోల్పోతుంది. సుమారు 41 డిగ్రీల ఉష్ణోగ్రతను నిలుపుకోవలసిన చిన్న ప్రాణికి ఇది చిన్న నష్టం కాదు. పైగా పక్షి ముక్కుతో ఈకలు దువ్వుకొంటుంది కనుక పైపూతగా రాసినది కడుపులోకి చేరుతుంది.

నోటి ద్వారా పట్టడంలోనూ ప్రమాదం ఉన్నది. పక్షి నాలుక మొదట్లోనే శ్వాసనాళ ద్వారం ఉంటుంది. క్షీరదాలలో వలె దానిని కప్పే మూత పక్షులలో లేదు. గింజుకొనే పక్షి నోట్లో ఆముదమో కషాయమో పోస్తే అది ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియాకు దారితీయవచ్చు. ఇక్కడ హాని మందు గుణం వల్ల కాదు, అది వెళ్లిన దారి వల్ల.

జలుబు తగ్గాలని పంజరం దగ్గర సాంబ్రాణి, కర్పూరం పొగ వేయడం మరొక అలవాటు. వాయుకోశాలతో కూడిన పక్షి శ్వాసవ్యవస్థ గాలిలోని పదార్థాలను మన కంటె వేగంగా గ్రహిస్తుంది. బ్రిటన్ బొగ్గుగనులలో విషవాయువును ముందుగా పసిగట్టడానికి 1986 వరకు కెనరీలను వాడింది ఈ కారణం చేతనే. ఊపిరాడని పక్షికి పొగ వేయడం చికిత్స కాదు.

కొనుగోలు చేసిన మందులకు స్వచ్ఛత సమస్య కూడా తోడవుతుంది. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా 14 ఉత్పత్తులలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నట్లు 2004లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. సీసపు విషానికి పక్షులు ఎంత సులభంగా లోనవుతాయో పక్షివైద్యం చదివినవారికి తెలుసు.

కోల్పోయే కాలం

ఇంతవరకు చెప్పిన ప్రమాదాల కంటె పెద్దది ఆలస్యం. పక్షులు జబ్బును దాచుకొంటాయి. ఈకలు ఉబ్బించుకొని, తోక ఎగరవేస్తూ ఊపిరి తీస్తూ, పంజరం అడుగున కూర్చున్నదంటే వ్యాధి అప్పటికే ముదిరిందని అర్థం. ఆ దశలో మూడు రోజులు పసరు పోసి చూడడమంటే చికిత్సకు మిగిలిన కాలాన్ని వృథా చేయడమే. చిలుక జాతులలో వచ్చే సిట్టకోసిస్ మనుషులకూ సోకి న్యుమోనియా కలిగిస్తుంది. పక్షులలో దానికి డాక్సీసైక్లిన్‌తో సాధారణంగా 45 రోజుల చికిత్స అవసరం. ఇక్కడ ఆలస్యం వల్ల ఇంటిల్లిపాది ఆరోగ్యమూ ప్రమాదంలో పడుతుంది.

రామచిలుకల విషయంలో ఆలస్యానికి మరొక కారణం తోడవుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పంజరంలో పెంచడం నేరం. పెంచేవారు ఆ భయంతో పశువైద్యుని వద్దకు రాకుండా చాటుగా ఇంటి వైద్యానికి పూనుకొనే అవకాశం ఉన్నది. అటువంటివారికి చిట్కా చెప్పడం కంటె పక్షిని అటవీశాఖకు అప్పగించమని నచ్చజెప్పడం విస్తరణాధికారి కర్తవ్యం.

ప్రతివాదంలోని న్యాయం

పక్షివైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యులు జిల్లా కేంద్రాలలో సైతం అరుదు. అంగడిలో దొరికే టెట్రాసైక్లిన్ పొడిని తోచినంత నీటిలో కలపడం కూడా పసరు పోయడమంత అశాస్త్రీయమే. పైగా అది సూక్ష్మజీవులలో ఔషధ నిరోధకతను పెంచుతుంది. సంప్రదాయ వైద్యం విలువ లేనిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. పాడిపశువుల పొదుగువాపుకు జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న కలబంద, పసుపు, సున్నం లేపనం ఇందుకు మంచి ఉదాహరణ. దానికి నిర్దిష్టమైన పాళ్లు, పూసే పద్ధతి, వర్తించే జీవి, వర్తించే వ్యాధి ఉన్నాయి. పంజరపు పక్షుల మూలికలకూ అదే క్రమశిక్షణ కావాలని మాత్రమే నా అభ్యర్థన.

మనం చేయదగినది

అంతవరకు విస్తరణ శాస్త్రవేత్తలు మూడు నియమాలు పాటించడం మంచిది. ఒకటి, ఆహారాన్ని, ఔషధాన్ని వేరుగా చూడాలి. పురుగుమందుల అవశేషాలు పోయేలా బాగా కడిగిన కొత్తిమీర, మెంతికూర, మునగాకు కొద్దిగా మేతలో ఇవ్వడం ఆహారం. దాని రసం తీసి, నూనె చేసి, పొగ వేసి ఇచ్చేది ఔషధం. ఆ జాతి పక్షిలో పరీక్షించిన మోతాదు లేనిదే ఔషధాన్ని సూచించరాదు. రెండు, ఫోనులో వచ్చే ప్రశ్నకు చిట్కా బదులు ప్రథమ చికిత్స చెప్పాలి. పక్షిని ఇతర పక్షుల నుండి వేరుచేసి, సుమారు 30 డిగ్రీల వెచ్చదనంలో నిశ్శబ్దంగా ఉంచి, అలవాటైన మేత, నీరు దగ్గర పెట్టి, అదే రోజు పశువైద్యునికి చూపించమనాలి. మూడు, పెంపకందారుకు గ్రాముల త్రాసు అలవాటు చేయాలి. శరీర బరువులో పదోవంతు తగ్గుదల ఏ బాహ్య లక్షణం కంటె ముందుగా హెచ్చరిక చేయగలదు.

విద్యార్థులకు ఇందులో విస్తారమైన పరిశోధనావకాశం ఉన్నది. పెంపకందారులు ఏ మూలికను, ఎంత, ఎందుకు వాడుతున్నారో సర్వే చేయవచ్చు. మరణించిన పక్షుల శవపరీక్షలో మేతసంచిలో లభించిన పదార్థాలను నమోదు చేయవచ్చు. మనుషులకు ఆయుర్వేద ఔషధాల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ వ్యవస్థ మన దేశంలో ఉన్నది. తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాలు కలసి పక్షుల విషయంలో అటువంటి చిన్న నమోదు పుస్తకం ప్రారంభించినా కొన్నేళ్లలో మనవైన ఆధారాలు సమకూరుతాయి.

పెంపకందారు తన పొరుగువాని మాటను సందేహిస్తాడు కాని విశ్వవిద్యాలయం పేరుతో వచ్చిన మాటను సందేహించడు. “ఈ పక్షికి దీని మోతాదు ఇంకా నిర్ణయం కాలేదు, వాడవద్దు” అని చెప్పడం మన విజ్ఞానానికి లోటు కాదు. 35 గ్రాముల ప్రాణి విషయంలో అదే బాధ్యత గల సమాధానం.