తలుపు చప్పుడు విని కారు కొనకండి!

హీరోగారి కారు వచ్చి సర్రున ఆగుతుంది. కెమెరా నేలకు ఆనించి ఉంటుంది. ముందు ఒక బూటు కింద పడుతుంది, వెనకే రెండోది. తర్వాత తలుపు ‘ధడ్’మని మూసుకుంటుంది. అంతే! హాలు దద్దరిల్లిపోతుంది. ఇంకా ముఖం చూపించనే లేదు, ఒక్క డైలాగు చెప్పనే లేదు. ఆ ‘ధడ్’కే ఈలలు, కాగితం ముక్కలు. అంత మహిమ ఉంది మరి ఆ చప్పుడులో!

ఈ వారం ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం లేకపోలేదు. జైపూర్ నుంచి ఒక కుర్రవాడు ఉత్తరం రాశాడు. జైపూర్ అంటే రాజస్థాన్‌లో కోటలున్న జైపూర్ కాదండోయ్. మన మంచిర్యాల జిల్లా జైపూర్. సింగరేణి వారి 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్న జైపూర్. ఈ కుర్రవాడి తండ్రి బాయిలో పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాడు. వచ్చిన డబ్బులో కొంత తీసి పాత కారొకటి కొందామని తండ్రీకొడుకులు బేరానికి వెళ్లారు. అక్కడ ఒకే కంపెనీవి, ఒకే పేరుగలవి, రెండు వేర్వేరు సంవత్సరాల బళ్లు పక్కపక్కనే ఉన్నాయి. అమ్మేవాడు పాత బండి తలుపు ధడ్‌మని వేసి, “సూసినవా కాకా, ఎంత బరువుందో! గీ సప్పుడు కొత్తదాంట్ల వస్తదా?” అన్నాడట. కొత్తదాని తలుపు ఉత్త ‘టప్’ మంది. తండ్రి పాతదానికే మొగ్గుతున్నాడు. కొడుక్కి మాత్రం అనుమానం. “అన్నా, సప్పుడు గట్టిగుంటే బరువెక్కువ, బరువెక్కువుంటే మంచి బండి... గిది నిజమేనా?” అని అడిగాడు.

తమ్ముడూ, ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది: చప్పుడు గట్టిగా ఉంటే బరువెక్కువా? రెండోది: బరువెక్కువైతే మంచి బండా? రెండింటికీ జవాబు ‘అన్నిసార్లూ కాదు’ అనే! ఎందుకో చూద్దాం.

తెర మీది తలుపు

ముందుగా సినిమా సంగతి. తెర మీద మీరు వినే తలుపు చప్పుడు చాలాసార్లు ఆ కారుది కానే కాదు. షూటింగ్ అయిపోయాక, తెర మీద బొమ్మ చూసుకుంటూ అడుగుల చప్పుడు, గాజుల చప్పుడు, తలుపు చప్పుడు విడిగా చేసి కలుపుతారు. ఈ విద్యకు ‘ఫోలీ’ అని పేరు. హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ (1891–1967) అనే ఆయన పేరే దీనికి స్థిరపడిపోయింది. మన సినిమాలు మద్రాసులో తయారైన రోజుల్లోనూ, అవుట్‌డోర్‌లో తీసిన సీన్లకు మాటలూ చప్పుళ్లూ తర్వాతే కలిపేవారు. అందుకే పాత సినిమాలు శ్రద్ధగా వింటే ఒక తమాషా తెలుస్తుంది. విలన్‌గారి పొడుగాటి విదేశీ కారుకూ, పోలీసుల జీపుకూ, హీరోయిన్ తండ్రిగారి ఫియట్‌కూ తలుపు ఒకేలా మోగుతుంది! తెర మీది ‘ధడ్’ హీరోగారి దర్జా కోసం చేసింది. దానితో కారు బరువు తూచలేం.

నిజం స్పోర్ట్స్ కారు కథ

ఇక రోడ్డు మీది కారు. తలుపు చప్పుడు గురించి పంతాలు పోవడంలో స్పోర్ట్స్ కార్ల అభిమానులను మించినవాళ్లు లేరు. వాళ్లలోనూ పోర్షె 911 అభిమానుల తీరే వేరు. ఈ జర్మన్ కారు 1964 నుంచి ఈనాటిదాకా అదే పేరుతో వస్తోంది. కళ్లు మూసుకుని తలుపు చప్పుడు విని అది ఏ కాలం బండో చెబుతామనే ఘనులు ఉన్నారు. పాతవాటి తలుపు వేస్తే ‘క్లక్’మని గట్టి లోహపు మోత. తుపాకీ బోల్టు బిగించినట్టు ఉంటుందని వాళ్లంతా మురిసిపోతారు.

సరే, బరువు లెక్కలు చూడండి. 1964 నాటి మొదటి 911 సుమారు 1080 కిలోలు. 1973లో పందేల కోసమని ‘కరేరా ఆర్.ఎస్.’ అనే రకం తీశారు. అందులో తేలిక రకం సుమారు 960 కిలోలే! రేకు పలచన, అద్దం పలచన, వెనక సీట్లు లేవు. తలుపు లోపల చెయ్యి ఆనించుకునే దిమ్మ కూడా లేదు. తలుపు తియ్యడానికి ఒక పటకా మాత్రం పెట్టారు, లాగితే తెరుచుకుంటుంది. అదే ఏడాది, అదే పేరుతో, సుఖంగా తిరిగేవాళ్ల కోసం తీసిన రకం సుమారు 1075 కిలోలు. చూశారా చిత్రం? ఒకే ఏడాది, ఒకే పేరు, వంద కిలోలకు పైగా తేడా! ఆ పలచని తలుపుల తేలిక బండినే ఈనాడు వేలంపాటల్లో కోట్లు పోసి ఎగబడి కొంటున్నారు.

తర్వాత 911 ఏడాదికేడాది ఒళ్లు చేసింది. 1989లో వచ్చిన మోడల్ సుమారు 1350 కిలోలు. ఆ తర్వాత 1998 దాకా నడిచిన ‘993’ మోడల్ 1370. దాని వెనక వచ్చిన ‘996’ అంతకంటే పొడవు, అంతకంటే వెడల్పు... అయినా బరువు 1320 కిలోలే! పెద్దదై కూడా యాభై కిలోలు తగ్గింది. దాని తలుపు అద్దానికి చుట్టూ ఉండే లోహపు చట్రం తీసేశారు. తలుపు తీస్తే అద్దం దానంతటదే కొద్దిగా కిందికి దిగి, వేశాక పైకి లేచి రబ్బరులో కూర్చుంటుంది. దాంతో ఆ పాత ‘క్లక్’ పోయి చప్పుడు మెత్తబడింది. పాతకాపులు ముక్కు విరిచారు. కానీ చప్పుడు తగ్గిందని బండి నాసిరకం అయిపోలేదు.

మరి మధ్యలో తలుపులకు బరువెందుకు పెరిగింది? దీనికి ఒక చట్టం కారణం. 1973 జనవరి 1 నుంచి అమెరికాలో అమ్మే కార్ల పక్క తలుపులు ఇంత ఒత్తిడికి తట్టుకోవాలని నిబంధన పెట్టారు. పక్కనుంచి ఇంకో బండి గుద్దితే తలుపు లోపలికి కుంగి మనిషి మీద పడకూడదని! దాంతో కంపెనీలు తలుపు రేకుల మధ్య అడ్డంగా ఉక్కు కమ్మీ పెట్టడం మొదలుపెట్టాయి. తర్వాత అద్దం ఎత్తే మోటారు, స్పీకరు, వైర్లు వచ్చి చేరాయి. అందులో ప్రాణం కాపాడేది ఉక్కు కమ్మీ. పాట వినిపించేది స్పీకరు. రెండూ బరువే, కానీ రెండూ ఒకటి కాదు గదా!

మన రోడ్ల మీద

మన దగ్గర స్పోర్ట్స్ కారు అన్నంత మోజు తెచ్చుకున్నది కాంటెసా. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ కంపెనీ కారు మూసలు తెచ్చి, బెంగాల్లోని ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు తయారు చేశారు. 1984లో అమ్మకానికి వచ్చినప్పుడు ముక్కు పొడుగు, ఒళ్లు భారీ. బానెట్ ఎత్తి చూస్తే లోపల మాత్రం అంబాసిడర్‌లోని 1489 సి.సి. ఇంజనే! సుమారు 50 గుర్రాల బలం. చూపు సింహానిది, పరుగు ఎడ్లబండిది అని నవ్వారు జనం. తర్వాత జపాన్ ఇసుజు వారి 1800 సి.సి. ఇంజన్ పెట్టి ‘కాంటెసా క్లాసిక్’ అన్నారు. అప్పుడుగానీ దానికి ఊపిరి రాలేదు. కారు ఒళ్లు మాత్రం దాదాపు అదే. అంటే తలుపు వేసి చూస్తే పాతదీ కొత్తదీ తేడా తెలియదు. తేడా అంతా బానెట్ కింద ఉంది! చెవిని నమ్ముకుని కొన్నవాడికి ఏ ఇంజన్ వస్తుందో వాడి అదృష్టం.

మారుతి 800 సంగతి దీనికి తిరకాసు. 1983 డిసెంబర్‌లో అది వచ్చినప్పుడు అంబాసిడర్ అలవాటైన పెద్దవాళ్లు “ఇదేం కారండీ, రేకు డబ్బా!” అన్నారు. నిజమే, దాని బరువు 650 కిలోలకు అటూఇటూ. తలుపు ‘టప్’ మనేది. కానీ ఆ తేలికదనమే పెట్రోలు తక్కువ తాగడానికి కారణమై, దేశమంతటినీ తనవైపు తిప్పుకుంది. అలాగని అది గుద్దుకుంటే క్షేమమనీ కాదు. చప్పుడు ఒకటి, బరువు ఒకటి, క్షేమం ఇంకొకటి. మూడింటినీ ఒకే తక్కెడలో పెట్టకండి.

చప్పుడు ఎక్కడ పుడుతుంది?

తలుపు చప్పుడులో రెండు ముక్కలుంటాయి. గడియ పట్టుకున్నప్పటి ‘క్లిక్’ ఒకటి. రేకు అదిరినప్పటి ‘ధడ్’ ఒకటి. రేకు మోత తగ్గించడానికి కంపెనీలు లోపలివైపు తారు పట్టీలు అంటిస్తాయి. మోగుతున్న డప్పు మీద అరచెయ్యి ఆనించండి, మోత చప్పున ఆగిపోతుంది. తారు పట్టీ చేసే పనీ అదే. తలుపంతా బరువెక్కించనక్కర లేదు, అవసరమైన చోట రెండు ముక్కలు అంటిస్తే చాలు, రేకు డబ్బా కూడా రాజుగారి కోట తలుపులా మూసుకుంటుంది! అంచుల్లో రబ్బరు రెండు వరసలు వేస్తే ఇంకా మెత్తన. గడియకు ప్లాస్టిక్ తొడుగు వేస్తే ‘క్లిక్’ కూడా తగ్గుతుంది. పెద్ద కంపెనీలు ఈ చప్పుడు కోసం ప్రత్యేకంగా ఇంజనీర్లను పెట్టుకుంటాయి. అంటే షోరూములో మీరు వినే చప్పుడు కూడా ఒక రకం ఫోలీయే అన్నమాట!

ఇంకో తమాషా చేసి చూడండి. అద్దాలన్నీ బిగించి తలుపు వేయండి. తర్వాత ఒక అద్దం కొంచెం దించి అదే తలుపు వేయండి. చప్పుడు మారుతుంది. లోపలి గాలి పోవడానికి దారి దొరికింది గనక! ఒకే బండి, ఒకే తలుపు, రెండు చప్పుళ్లు. అమ్మేవాడికి ఈ కిటుకు తెలియదంటారా?

నాన్నగారి చెవి

జైపూర్ తమ్ముడూ, ఇప్పుడు నీకో ముఖ్యమైన మాట. మీ నాన్నగారు చప్పుడును నమ్మారని నవ్వకు. బాయిలో దిగిన మనిషికి ప్రాణం చెవిలోనే ఉంటుంది. భూమి లోపల పైకప్పును తట్టి చూస్తారు. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే వదులైనట్టు, దాని కింద నిలబడకూడదు. ఏళ్ల తరబడి ఆయన అలా విని ప్రాణాలతో ఇంటికి వచ్చారు. ఆ చెవి మామూలు చెవి కాదు. అయితే పైకప్పును తట్టిన చెయ్యి ఆయనది. ఇక్కడ తలుపు వేసి వినిపించిన చెయ్యి అమ్మేవాడిది! తేడా అంతా అక్కడే ఉంది.

కాబట్టి ఆయన్నే మళ్లీ తీసుకెళ్లు. తలుపు వేసి వినడం మాని, వేలి గణుపులతో బండి చుట్టూ తట్టి వినమను. తలుపులు, మడ్‌గార్డులు, తలుపు కింది అంచు. అన్నిచోట్లా ఒకేలా మోగుతూ ఒక్కచోట మందంగా, గోడను తట్టినట్టు వినబడితే, అక్కడ సొట్ట పడి పుట్టీ పెట్టి రంగు వేశారని అనుమానించాలి. చిన్న అయస్కాంతం దగ్గర పెట్టి చూస్తే రేకుకు అతుక్కుంటుంది, మందంగా పెట్టిన పుట్టీకి అతుక్కోదు. ‘బరువైన చప్పుడు’ వెనక పుట్టీ బరువు కూడా ఉండవచ్చు సుమా!

తలుపు సగం తెరిచి పైకి కిందికి ఊపి చూడండి. ఊగితే బందులు అరిగాయి. తలుపు అడుగున నీళ్లు పోవడానికి చిన్న చిల్లులుంటాయి. మన బొగ్గు బెల్టులో గాలిలో ఉండే దుమ్ము, వాననీళ్లు కలిసి ఆ చిల్లులను పూడ్చేస్తాయి. నీళ్లు లోపలే నిలిచి, కింది అంచు తుప్పు పట్టి తినేస్తుంది. పైకి చూస్తే రంగు నిగనిగ, వేలితో నొక్కితే పొరలు పొరలు! గడియలో గ్రీజూ దుమ్మూ కలిసి గట్టిపడినా చప్పుడు మారిపోతుంది. అది వయసు తెచ్చిన మోత, బలం తెచ్చింది కాదు.

అన్నిటికంటే ముఖ్యం, బండి కాగితాల్లో తయారైన నెల, సంవత్సరం చూడండి. ముందు నుంచీ, పక్క నుంచీ గుద్ది చూసే పరీక్షలు మన దేశంలో కొత్త మోడళ్లకు 2017 అక్టోబర్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు 2019 అక్టోబర్ నుంచి తప్పనిసరి అయ్యాయి. డ్రైవర్ ఎదుట గాలిసంచీ 2019 జూలై నుంచి తప్పనిసరి. 2023 అక్టోబర్ నుంచి ‘భారత్ ఎన్‌క్యాప్’ పేరుతో కార్లకు నక్షత్రాలు కూడా ఇస్తున్నారు. ఒకే పేరుగల రెండు బళ్లలో ఒకటి ఈ తేదీలకు ముందుది, ఒకటి తర్వాతది అయితే, ‘టప్’మన్న కొత్తదానిలోనే మనిషిని కాపాడే సరంజామా ఎక్కువగా ఉండే అవకాశముంది. మంచిర్యాల నుంచి చెన్నూరు వెళ్లే రోడ్డు మీద బొగ్గు లారీల పక్కన నడపాల్సిన బండి అది. పక్కనుంచి లారీ వచ్చినప్పుడు చప్పుడు కాపాడదు. లోపలున్న ఉక్కు కమ్మీ, గాలిసంచీ, పెట్టుకున్న సీటు బెల్టు కాపాడతాయి.

ధర కుదిరితే ఆ కొత్తదాన్నే చూడండి. ‘ధడ్’ చప్పుడు లేదని దిగులొద్దు. పదిరూపాయల రబ్బరుతో, ఓపికున్న మెకానిక్ చేతిలో కొంచెం తారు పట్టీతో దాన్ని ఎప్పుడైనా తెప్పించుకోవచ్చు. పోయిన డబ్బు, పోయిన ప్రాణం మాత్రం ఏ మెకానిక్కూ తెప్పించలేడు!

ఇంతకీ బేరం ఏమైందో రాయి తమ్ముడూ. నాన్నగారిని అడిగానని చెప్పు.