‘బలహీనత’ అని రాసి వదిలేస్తే చాలదు

అమెరికాలో ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయిన వృద్ధులు చాలామంది కొన్ని వారాలు నర్సింగ్ కేంద్రంలో ఉండి ఫిజియోథెరపీ చేయించుకుంటారు. ఆ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ భరిస్తుంది. 2019 అక్టోబరు 1కి ముందు వాళ్ల రికార్డుల్లో చేరికకు ప్రధాన కారణంగా తరచూ కనిపించిన కోడ్ ఎం62.81. అంటే ఒళ్లంతా కండరాల బలహీనత. ఎన్ని నిమిషాలు థెరపీ ఇచ్చారన్న లెక్కన డబ్బు వచ్చిన ఆ రోజుల్లో బలహీనత వెనుక ఉన్న జబ్బేమిటో తేల్చి చెప్పాల్సిన ఒత్తిడి బిల్లు మీద లేదు. ఆ తేదీన అమల్లోకి వచ్చిన కొత్త చెల్లింపు పద్ధతి రోగి స్థితిని చూసి లెక్క కడుతుంది. ఎం62.81ను ప్రధాన కారణంగా చూపిస్తే తిప్పి పంపుతుంది. 2020 జనవరి 1 నుంచి ఇంటి దగ్గర అందించే వైద్యసేవలకూ ఆ తలుపు మూసేశారు. ఇది డబ్బు మిగుల్చుకునే ఎత్తుగడ అన్న మాట, డాక్టర్ల రాతను ఇలాంటి కోడ్‌లుగా మార్చే కోడింగ్ రంగంలో ఇప్పటికీ వినిపిస్తుంది. మిగులు సంగతి ఎలా ఉన్నా ఈ నిర్ణయం రోగికి మేలు చేసేదేనని నా అభిప్రాయం. తప్పల్లా మరోచోట ఉంది: దిద్దాల్సింది డాక్టరు రాతను, సంజాయిషీ అడుగుతున్నది కోడర్‌ను.

కండరాల బలహీనత జబ్బు కాదు, ఎన్నో జబ్బులు బయటపడే లక్షణం. కుర్చీలోంచి లేవలేక, తల దువ్వుకోవడానికి చెయ్యెత్తలేక ఇబ్బంది పడే మనిషిలో తొడల్లో, భుజాల్లో ఉండే పెద్ద కండరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. థైరాయిడ్ లోపం, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మాత్రలు కూడా అందుకు కారణం కావచ్చు. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతే మయస్థీనియా గ్రావిస్‌ను అనుమానించాలి. పాదాల దగ్గర మొదలై రోజుల్లోనే పైకి పాకే బలహీనత గిలియన్ బారీ సిండ్రోమ్ అయితే ఊపిరి తీసుకునే కండరాల దాకా పోవచ్చు, ఆలస్యం ప్రాణాంతకం కావచ్చు. ఐసీయూలో వారాలు గడిపిన వాళ్లకు వచ్చే కండర వ్యాధికి విడిగా కోడ్ ఉంది. వయసుతో కండ కరిగిపోయే సార్కోపీనియాకు 2016 అక్టోబరులో ఎం62.84 వచ్చింది. ఆసియా నిపుణుల బృందం 2019లో దానికి కొలతలు సవరించింది: పిడికిలి పట్టు మగవాళ్లలో 28 కిలోల కన్నా, ఆడవాళ్లలో 18 కిలోల కన్నా తక్కువైతే కండర బలం తగ్గినట్టే. వీటన్నింటికీ చికిత్స ఒకటి కాదు. అన్నింటినీ ఒకే మాట కింద దాచేసిన రికార్డు తర్వాత చూసే డాక్టరుకు దారి చూపదు.

పక్షవాతం విషయంలో ఈ తేడా మరీ స్పష్టం. ‘కుడివైపు బలహీనత’ అని మాత్రమే ఉంటే కోడర్ దాన్ని హెమీపరేసిస్‌గా, అంటే ఒక పక్క పాక్షిక పక్షవాతంగా తీసుకోకూడదు. ఆ బలహీనత స్ట్రోక్ వల్లే వచ్చిందని డాక్టరు రాస్తే తీసుకోవచ్చని 2015లో అమెరికా అధికారిక కోడింగ్ సలహా స్పష్టం చేసింది. ‘స్ట్రోక్ వల్ల’ అన్న రెండు మాటలతో రికార్డులో రోగి తీవ్రతే మారిపోతుంది. ఆ మాటలు కోడర్ చేర్చలేడు. కాలి బలం అయిదుకు రెండే అని ఫిజియోథెరపిస్టు నోట్సులో కనిపిస్తున్నా, దాన్నిబట్టి జబ్బు పేరు ఊహించే అధికారం అతనికి లేదు. ఉండకూడదు కూడా.

జబ్బు తేలనప్పుడు డాక్టరు ఏం రాయాలి అన్నది న్యాయమైన అభ్యంతరం. రోగ నిర్ధారణ కానప్పుడు లక్షణాన్నే కోడ్ చేయవచ్చని నియమాలే చెబుతున్నాయి. కానీ నిర్ధారణ లేకపోవడం వేరు, వివరం లేకపోవడం వేరు. ఇందుకు మన దేశంలోనే గట్టి రుజువుంది. పోలియో నిర్మూలన కోసం 1997లో మొదలైన నిఘాలో పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే, పోలియో అవునో కాదో తేలకముందే నమోదు చేశారు. ఎప్పుడు మొదలైంది, ఏ కాలు, ఏ చెయ్యి అని రాశారు. పద్నాలుగు రోజుల్లోగా, కనీసం ఒక రోజు తేడాతో రెండు మల నమూనాలు తీశారు. అరవై రోజుల తర్వాత మళ్లీ పరీక్షించి బలహీనత మిగిలిందా అని చూశారు. అలా నమోదైన కేసుల్లో అత్యధికం పోలియో కావు. అయినా ఆ రాతల ఆధారంగానే 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు లేదని నమ్మకంగా చెప్పగలిగాం, 2014 మార్చిలో ధ్రువీకరణ పొందగలిగాం. పల్లెల్లో, ఇరుకు ఆసుపత్రుల్లో సాధ్యమైన పని అమెరికా నర్సింగ్ కేంద్రానికి భారమంటే ఒప్పుకోలేం.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. అస్పష్టమైన కోడ్‌ను మూసేస్తే డబ్బు ఎక్కువొచ్చే జబ్బు పేరును రికార్డులోకి లాగే ప్రమాదం లేదా? ఉంది. కాదనడం అమాయకత్వం. అందుకే డాక్టరుకు కోడర్ పంపే ప్రశ్న జవాబును సూచించేలా ఉండకూడదని వృత్తి సంఘాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘ఇది హెమీపరేసిస్ అని రాయగలరా’ అని అడగడం తప్పు. ‘కుడి కాలి బలం తగ్గిందని పరీక్షలో ఉంది, కారణం తెలిస్తే చెప్పండి’ అనడం సరైన పద్ధతి. పరీక్షలో కనిపించినది కాగితం మీద ఉంటే అబద్ధపు జబ్బు పేరు అతికించడం కష్టం. కాబట్టి మోసానికి విరుగుడు కూడా వివరమే.

డాక్టరుకు తీరిక లేదన్న వాదనకు నా జవాబు చిన్నది. ఏ వైపు, ఎప్పటి నుంచి, ఎంత బలం, ఏ కారణం: పరీక్ష చేసిన చేతికి ఇది ఒక్క వాక్యం. రాయకపోతే రోజుల తర్వాత ప్రశ్న వచ్చినప్పుడు ఆ రోగిని మళ్లీ గుర్తు తెచ్చుకుని జవాబివ్వాలి. దానికి పట్టే సమయమే ఎక్కువ. ఇక ఈ అమెరికా రికార్డులకు కోడ్‌లు ఇచ్చే హైదరాబాద్ సంస్థలు మార్చుకోవాల్సింది కొలమానం. గంటకు ఎన్ని చార్టులు పూర్తిచేశారన్న లెక్క నడిచేచోట, ఆగి ప్రశ్న అడిగిన కోడర్ వెనకబడినట్టే కనిపిస్తాడు. ఫార్మసీ, ఫిజియోథెరపీ, నర్సింగ్ చదివి ఈ ఉద్యోగాల్లోకి వచ్చిన యువతకు రికార్డులో ఏం లోపించిందో కనిపెట్టే చదువు ఉంది. వాళ్లు పంపిన ప్రతి సరైన ప్రశ్ననూ పూర్తిచేసిన పనిగా లెక్కించాలి, వచ్చిన జవాబులను నెలకోసారి ఆ డాక్టర్ల ముందే పెట్టాలి.