స్విచ్ బోర్డులో న్యూట్రల్ లేకపోతే ఎర్త్‌తో లాగించేయొద్దు

స్మార్ట్ స్విచ్ మాడ్యూల్ కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? అలెక్సాతో పనిచేస్తుందా, గూగుల్ హోమ్‌లో కనిపిస్తుందా, యాప్ బాగుందా, రేటెంత? ఇవన్నీ చూడాల్సినవే. కానీ ఆ మాడ్యూల్ మీ ఇంట్లో సరిగ్గా నడుస్తుందా లేదా అన్నది మాత్రం వీటితో తేలదు. గోడ మీద ఉన్న స్విచ్ బోర్డు ప్లేటు విప్పితే లోపల న్యూట్రల్ వైరు ఉందా లేదా అన్న దగ్గర తేలుతుంది.

న్యూట్రల్ లేకపోతే చాలా ఇళ్లలో వినిపించే డైలాగ్ ఒకటుంది. "అన్నా, ఇందులో న్యూట్రల్ లేదు కదా, ఎలా?" అంటే, "ఏం పర్లేదు తమ్ముడూ, ఎర్త్‌కి ఇచ్చేద్దాం, నడుస్తది." నిజంగానే నడుస్తుంది. మాడ్యూల్‌లో లైట్ వెలుగుతుంది, ఫోన్‌తో పెయిర్ అవుతుంది, బల్బు ఆన్ ఆఫ్ అవుతుంది. అందరూ హ్యాపీ. నా అభిప్రాయం సూటిగా చెప్తా: స్మార్ట్ హోమ్ పేరుతో మన ఇళ్లలో జరుగుతున్న అతి ప్రమాదకరమైన షార్ట్‌కట్ ఇదే. చేసే ఎలక్ట్రీషియన్‌ది ఎంత తప్పో, పెట్టె మీద విషయం స్పష్టంగా రాయని కంపెనీదీ, యాప్ మాత్రమే చూపించి వదిలేసే రివ్యూలదీ అంతే తప్పు.

అసలు న్యూట్రల్ ఎందుకు?

మామూలు స్విచ్ చేసే పని చాలా చిన్నది. బల్బుకి వెళ్లే ఫేజ్ వైరుని తెంచుతుంది, కలుపుతుంది. దానికి న్యూట్రల్‌తో పనే లేదు. న్యూట్రల్ నేరుగా సీలింగ్ మీద బల్బు హోల్డర్‌కి వెళ్లిపోతుంది. అందుకే పాత ఇళ్లలో, మెట్ల దగ్గర పెట్టే టూ-వే స్విచ్ బాక్సుల్లో, లైట్లు ఫ్యాన్లు మాత్రమే ఉన్న చిన్న బోర్డుల్లో చాలాసార్లు న్యూట్రల్ కనిపించదు.

స్మార్ట్ మాడ్యూల్ సంగతి వేరు. అది స్విచ్ కాదు, గోడలో కూర్చున్న చిన్న కంప్యూటర్. బల్బు ఆఫ్‌లో ఉన్నా అది మేలుకునే ఉండాలి, వైఫై వింటూ ఉండాలి. అంటే దానికి 24 గంటలూ సొంతంగా కరెంటు కావాలి. ఒక వైపు ఫేజ్, ఇంకో వైపు న్యూట్రల్ ఉంటేనే ఆ కరెంటు తిరుగుతుంది.

ఈ విషయంలో మనకి ఒక అదృష్టం ఉంది. యూట్యూబ్‌లో అమెరికా, యూరప్ వీడియోలు చూసి "మన బోర్డులో న్యూట్రల్ ఉండదేమో" అని భయపడక్కర్లేదు. అక్కడ స్విచ్ ఒక చోట, సాకెట్ ఇంకో చోట ఉంటాయి. మన దగ్గర స్విచ్‌ల పక్కనే, అదే బోర్డులో ఛార్జర్ పెట్టుకునే సాకెట్ కూడా ఉండటం మామూలు. సాకెట్ ఉందంటే దానికి న్యూట్రల్ వచ్చినట్టే. మన సాకెట్‌ని ఎదురుగా చూస్తే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడి వైపు ఫేజ్, ఎడమ వైపు న్యూట్రల్. అలా ఉండాలి. మీ ఇంట్లో అలాగే కలిపారో లేదో చెక్ చేయించుకోవాలి.

ఎర్త్‌తో నడిస్తే తప్పేంటి?

ముందు అది ఎందుకు నడుస్తుందో చూద్దాం. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని భూమికి కలిపి ఉంచుతారు. అందుకే మల్టీమీటర్‌ని ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే 230 వోల్టుల దగ్గర ఎంత చూపిస్తుందో, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టినా దాదాపు అంతే చూపిస్తుంది. మాడ్యూల్‌కి తేడా తెలియదు. నియాన్ టెస్టర్‌కీ తెలియదు, న్యూట్రల్ మీద పెట్టినా ఎర్త్ మీద పెట్టినా అది వెలగదు.

తేడా తెలిసేది మనుషులకి. ఎర్త్ వైరు పని కరెంటు మోయడం కాదు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గీజర్ లాంటి వాటి లోహపు బాడీలో ఎప్పుడైనా కరెంటు లీకైతే, అది మన ఒంట్లోంచి కాకుండా భూమిలోకి పోయే దారి అది. ఇప్పుడు ఆ దారిలోకి మాడ్యూల్ రోజంతా కరెంటు వదులుతోంది. ఎర్త్ గట్టిగా ఉన్నంత కాలం ఏమీ తెలియదు. కానీ ఆ వైరు ఎక్కడో ఊడిపోయిందనుకోండి. లేదా ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయి భూమితో పట్టు తగ్గిందనుకోండి. అప్పుడు ఫేజ్ ఆ మాడ్యూల్ గుండా ఎర్త్ వైరులోకి వచ్చి అక్కడే నిలబడుతుంది. అదే ఎర్త్‌కి కలిసిన ఫ్రిజ్ తలుపు, గీజర్ బాడీ, వాషింగ్ మెషీన్ అన్నిటి మీదకీ వస్తుంది. కాపాడాల్సిన వైరే షాక్‌ని ఇల్లంతా పంచుతుంది. తడి చేత్తో ముట్టుకునేది మాడ్యూల్ పెట్టుకున్న మీరు కాకపోవచ్చు, అమ్మ కావచ్చు.

రెండో నష్టం ఆర్‌సీసీబీకి సంబంధించింది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంది. ఇళ్లలో పెట్టేది మామూలుగా 30 మిల్లీఆంప్స్ రకం. తేడా 30కి చేరితే తప్పకుండా పడిపోవాలి, 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. ఒక మాడ్యూల్ 1 వాట్ తింటుందనుకున్నా 230 వోల్టుల దగ్గర 4 మిల్లీఆంప్స్ దాటుతుంది. ఎర్త్‌కి ఇస్తే అదంతా ఆర్‌సీసీబీ కంటికి లీకేజీయే. ఒక మాడ్యూల్‌కి ఏమీ కాదు. నాలుగైదు పెట్టాక, అర్ధరాత్రి ఏసీతో సహా ఇల్లంతా కరెంటు పోతుంది. అప్పుడు ఎవరో వచ్చి "ఆర్‌సీసీబీ పాడైంది, డైరెక్ట్ చేసేద్దాం" అంటారు. చెడిపోయిన ఎర్త్, తీసేసిన ఆర్‌సీసీబీ, రెండూ ఒకే ఇంట్లో కలిస్తే ప్రాణాలు నిలబెట్టే ఏర్పాటు ఇంకేమీ మిగలదు.

"మా ఇంట్లో రెండేళ్లుగా ఎర్త్ మీదే నడుస్తోంది బ్రో, ఏమీ కాలేదు" అనేవాళ్లు ఉంటారు. హెల్మెట్ లేకుండా రెండేళ్లు బండి నడిపినవాళ్లు కూడా అదే అంటారు. ఎర్త్ అవసరం పడే రోజు ఒక్కటే వస్తుంది, ఆ రోజు అది ఖాళీగా ఉండాలి.

మరి న్యూట్రల్ లేనివాళ్లు ఏం చేయాలి?

మొదటిది, మంచిది: పక్క బోర్డు నుంచి న్యూట్రల్ లాగించడం. గోడలో పైపు ఉంటే పాత వైరుకి కట్టి కొత్త వైరు లాగొచ్చు, గోడ పగలగొట్టే పని చాలాసార్లు ఉండదు. ఒక్క షరతు: ఫేజ్ ఏ లైన్ నుంచి వస్తోందో న్యూట్రల్ కూడా అదే లైన్‌ది కావాలి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. లైట్లు ఇన్వర్టర్ లైన్ మీద, సాకెట్ మెయిన్ లైన్ మీద ఉంటాయి. ఒకదాని ఫేజ్‌కి ఇంకోదాని న్యూట్రల్ కలిపితే, వేర్వేరు ఆర్‌సీసీబీలు ఉన్న చోట లైటు వేయగానే ట్రిప్ అవుతుంది. అది న్యూట్రల్ అవునా కాదా అన్నది రంగు చూసి నమ్మొద్దు. నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్ అన్నది పద్ధతి, కానీ పాత ఇళ్లలో చేతికి దొరికిన రంగు వేసేసిన చోట్లు చాలా. మెయిన్ ఆఫ్ చేసి, డీబీలో న్యూట్రల్ లింక్ దగ్గర ఆ వైరు విప్పి, మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూడమని ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

రెండోది: న్యూట్రల్ అవసరం లేని మాడ్యూల్. సోనాఫ్ జెడ్‌బీ మినీ ఎల్2, షెల్లీ 1ఎల్ ఈ రకమే. ఇవి బల్బు గుండానే కొంచెం కరెంటు లాక్కుని బతుకుతాయి. చిన్న ఎల్ఈడీ బల్బులకి ఆ కొంచెమే ఎక్కువై, ఆఫ్ చేసినా మసగ్గా వెలుగుతాయి, లేదా మినుకు మినుకుమంటాయి. బల్బుకి అడ్డంగా బైపాస్ కెపాసిటర్ పెడితే చాలాసార్లు తగ్గుతుంది. ఇంకో పరిమితి కూడా ఉంది: న్యూట్రల్ లేని జిగ్బీ మాడ్యూల్ సాధారణంగా పక్కవాటికి సిగ్నల్ అందించదు, తన పని తాను చూసుకుంటుంది. అన్నీ ఇవే పెట్టి జిగ్బీ నెట్‌వర్క్ బలంగా ఉండాలంటే కుదరదు.

మూడోది: ఆ బోర్డుని వదిలేసి స్మార్ట్ బల్బు వాడటం. హోల్డర్ దగ్గర ఫేజ్, న్యూట్రల్ రెండూ ఉన్నాయి కదా. గోడ మీద స్విచ్ ఎవరూ ఆఫ్ చేయకుండా ఉంటే చాలు.

ఈ మూడూ కుదరకపోతే ఆ ఒక్క స్విచ్ మామూలుగానే ఉండనివ్వండి. ఇంట్లో ప్రతి స్విచ్ ఫోన్‌లో కనిపించాలన్న రూలేమీ లేదు.

యాప్‌ని తిట్టే ముందు

ఆన్‌లైన్‌లో వన్ స్టార్ రివ్యూలు చదివితే ఎక్కువ కోపం యాప్ మీదే కనిపిస్తుంది. కానీ చాలా కంప్లయింట్ల మూలం వైరింగ్‌లో ఉంటుంది.

"మాడ్యూల్ పెట్టగానే ఠప్ మని పోయింది" అన్నది ఒకటి. సోనాఫ్ మినీ ఆర్2లో ఎస్1, ఎస్2 అనే రెండు టెర్మినల్స్‌కి గోడ స్విచ్ రెండు చివరలు మాత్రమే కలపాలి, అక్కడికి ఫేజ్ రాకూడదు. షెల్లీ 1లో దీనికి రివర్స్, గోడ స్విచ్ గుండా ఫేజ్ ఇవ్వాలి. ఒకదాని వీడియో చూసి ఇంకోదానికి వైరింగ్ చేస్తే మొదటి సెకనులోనే పని అయిపోతుంది.

"గీజర్‌కి పెట్టాను, కరిగిపోయింది" ఇంకొకటి. 2000 వాట్ల గీజర్ 8.7 ఆంప్స్ లాగుతుంది, 3000 వాట్లది 13. పది ఆంప్స్ అని రాసి ఉన్న మాడ్యూల్‌ని గాలి ఆడని బాక్సులో పెట్టి మొదటిదాన్ని గంటల తరబడి నడపడమే రిస్క్, రెండోదాని గురించి ఆలోచించనే వద్దు. గీజర్‌కి 16 ఆంప్స్ రకమే, లేదంటే మాడ్యూల్ వెనక ఒక కాంటాక్టర్.

"ఫ్యాన్ మూలుగుతోంది" అంటే లైట్ డిమ్మర్‌ని ఫ్యాన్‌కి పెట్టారేమో చూడండి. బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే ఏ రెగ్యులేటరూ వద్దు, దాని స్పీడ్ దాని లోపలి సర్క్యూటే చూసుకుంటుంది. మాడ్యూల్‌ని ఆన్ ఆఫ్‌కి మాత్రమే వాడండి.

"వైఫై పట్టట్లేదు" అంటే చాలా మాడ్యూల్స్‌కి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప వేరే తెలియదు. ఇనుప బాక్సులో పెడితే అది కూడా సరిగ్గా అందదు.

మార్పు ఎక్కడ రావాలి

2022 అక్టోబర్‌లో మ్యాటర్ 1.0 వచ్చింది. యాపిల్, గూగుల్, అమెజాన్, శామ్‌సంగ్ కలిసి కూర్చుని, ఏ కంపెనీ మాడ్యూల్ అయినా ఏ యాప్‌లోనైనా పనిచేసేలా ఒక భాష తెచ్చాయి. మంచిదే. కానీ మ్యాటర్ లోగో మీ బోర్డులోకి న్యూట్రల్ తేలేదు. ఆ పని మన దగ్గరే జరగాలి.

కంపెనీలు పెట్టె ముందు వైపే, పెద్ద అక్షరాల్లో, తెలుగులో కూడా రాయాలి: "న్యూట్రల్ తప్పనిసరి. ఎర్త్ వాడితే ప్రాణాపాయం." అలెక్సా లోగోకి ఇచ్చినంత చోటు దీనికీ ఇవ్వాలి. రివ్యూ చేసేవాళ్లు యాప్ స్క్రీన్‌షాట్ల కంటే ముందు స్విచ్ బోర్డు విప్పి ఏ వైరు ఎక్కడికి పోతుందో చూపించాలి. ఎన్ని వాట్ల దగ్గర మాడ్యూల్ వేడెక్కిందో రాయాలి.

ఇప్పుడు ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, ఫ్లాట్ బుక్ చేసినవాళ్లు ఒక్క మాట అడగండి: "ప్రతి స్విచ్ బోర్డుకీ న్యూట్రల్ లాగండి, బాక్స్ కొంచెం లోతుది పెట్టండి." ప్లాస్టరింగ్‌కి ముందు అది కొన్ని మీటర్ల వైరు ఖర్చు. తర్వాత అయితే గోడ పగలగొట్టే ఖర్చు.

కొత్తగా మాడ్యూల్ కొనాలనుకుంటున్న మీకు నా సలహా ఒక్కటే. కార్ట్‌లో వేసే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ఆఫ్ చేయించి, బోర్డు విప్పి మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో న్యూట్రల్ ఉందా? అది ఈ లైట్ల లైన్‌దేనా? మన ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ పనిచేస్తున్నాయా? మూడింటికీ "ఉంది, అవును" అని వస్తే ఏ బ్రాండ్ కొన్నా మీకు పెద్దగా ఇబ్బంది ఉండదు. "ఎర్త్‌తో లాగించేద్దాం" అని వస్తే ఆ రోజుకి థ్యాంక్స్ చెప్పి ప్లేటు మూసేయించండి.