సర్వరుకు మైలేజీ ఎంత?

బండి కొనేటప్పుడు మనవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే... 'లీటరుకి ఎంతిస్తుంది?' గంటకి 120 కిలోమీటర్లు పోతుందని షోరూమ్ కుర్రాడు ఎంత ఊదరగొట్టినా చెవికెక్కదు. కంప్యూటర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివి ఎటుపోతుందో తెలీదు.

మా చిన్నాన్న కొడుకుది గుంటూరులో మందుల హోల్‌సేల్ వ్యాపారం. బిల్లులు, సరుకు లెక్క, బాకీలు అన్నీ ఒకే డేటాబేస్‌లో ఉంటాయి. సాయంత్రమయితే బిల్లింగ్ నత్తనడక నడుస్తోందని అప్పుచేసి కొత్త సర్వర్ కొన్నాడు. 'దీని ప్రాసెసర్ని మించింది లేదట అన్నయ్యా' అని మురిసిపోయాడు. నెల తిరక్కుండానే కౌంటర్ దగ్గర మళ్ళీ అదే క్యూ!

తీరా చూస్తే డబ్బంతా ప్రాసెసర్‌కే పోసి, లోపల పాత హార్డ్‌డిస్కులే బిగించారు. ప్రతి బిల్లునీ డిస్కు మీద భద్రంగా రాశాకే డేటాబేస్ 'అయింది' అంటుంది. వంటవాడు ఎంత చురుకైనా వడ్డించేవాడు ఒక్కడే అయితే బంతి ఎప్పటికి లేస్తుంది?

పెద్ద పెద్ద బ్యాంకులకూ ఒకప్పుడు ఇదే తలనొప్పి. 1980లలో ఏ కంపెనీకి ఆ కంపెనీ మా యంత్రమే గొప్పదని అంకెలు చెప్పేది. 1985లో అమెరికా శాస్త్రవేత్త జిమ్ గ్రే, మరికొందరు కలిసి ఓ కొలబద్ద ప్రతిపాదించారు. ఖాతాలో డబ్బు వేయడం, తీయడం లాంటి లావాదేవీలు సెకనుకి ఎన్ని జరుగుతాయో చూడాలి. అయిదేళ్ళకు ఆ యంత్రం మీద అయ్యే ఖర్చుని ఆ అంకెతో భాగించాలి. అదీ అసలు ధర!

ఈ బాటలోనే 1988లో టీపీసీ అనే మండలి ఏర్పడింది. 1992లో అది తెచ్చిన 'టీపీసీ-సి' పరీక్షలో ఊహించుకున్నది, విచిత్రంగా, ఓ హోల్‌సేల్ వ్యాపారాన్నే. ఆర్డరు తీసుకోవడం, డబ్బు జమ చేసుకోవడం, ఆర్డరు ఎంతవరకూ వచ్చిందో చూడడం, సరుకు పంపడం, గోడౌన్‌లో నిల్వ చూసుకోవడం... అచ్చం మా తమ్ముడి కొట్టే! నిమిషానికి ఎన్ని కొత్త ఆర్డర్లు పూర్తయ్యాయన్నది ఒక ఫలితం. మొత్తం ఖర్చుని దాంతో భాగిస్తే వచ్చేది రెండోది. ఖర్చంటే పెట్టె ఒక్కటే కాదు. సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, మెయింటెనెన్స్ కూడా. కంపెనీ చెప్పింది చాలదు, బయటి ఆడిటర్ సంతకం పెట్టాలి. నడుస్తుండగా కరెంటు పోయినా పూర్తయిన లావాదేవీ ఒక్కటీ చెరిగిపోకూడదు.

మన చిన్న వ్యాపారానికి అంత పరీక్ష అక్కర్లేదు. మూడు ప్రశ్నలు చాలు. ఒకటి... మా డేటాతో, మా సాయంత్రపు రద్దీ అంత పనిపెట్టి నడిపి చూపిస్తారా? రెండు... మూడేళ్ళకి మొత్తం ఎంతవుతుంది? కొన్ని డేటాబేస్‌ల లైసెన్సు ప్రాసెసర్‌లోని కోర్ల లెక్కన ఉంటుంది. కోర్లు పెరిగేకొద్దీ బిల్లూ పెరుగుతుంది. పోస్ట్‌గ్రెస్ లాంటి వాటికి లైసెన్సు ఖర్చే లేదు, కానీ చూసుకునే మనిషికి జీతం ఇవ్వాలి. మూడు... ఉన్నట్టుండి ప్లగ్గు పీకేస్తే చివరి బిల్లు ఉంటుందా?

మా వాడు చివరికి ఆ సర్వర్లోనే ఎస్‌ఎస్‌డి డిస్కులు వేయించి, మెమరీ పెంచాడు. ప్రాసెసర్‌కి పెట్టినదాంట్లో నాలుగోవంతు కూడా కాలేదు. క్యూ మాయమైంది. అసలు పాత సర్వర్‌కే ఈ రెండూ చేయించి ఉంటే సరిపోయేదని మెకానిక్ అన్నాడట.

అప్పు వాయిదాలు మాత్రం ఇంకా రెండేళ్ళు కట్టాలి.