గోడ ప్రక్క గోడ

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ సామెత కట్టువాని కష్టమును చెప్పినదే కాని, ప్రక్కవాడు కట్టునప్పుడు కలుగు కష్టమును చెప్పలేదు. ఊళ్లలో ఇంటికిని ఇంటికిని నడుమ పెరడో దొడ్డియో ఉన్న కాలమున ఆ మాట చెప్పవలసిన అవసరము అంతగా లేకపోయి ఉండవచ్చును. నేడు ఆ అవసరము వచ్చినది.

హైదరాబాదుకు ఆగ్నేయమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లను దాటి నాగార్జునసాగర్ రహదారి వెంట పెరిగిన తుర్కయంజాల్‌ను చూచిన ఈ సంగతి తెలియును. గ్రామపంచాయతీగా ఉండిన ఊరు పురపాలక సంఘమైనది. పొలములు ప్లాట్లైనవి, ప్లాట్లు కాలనీలైనవి. నూటయేబది, రెండువందల గజముల స్థలమున ఉద్యోగి తన కష్టార్జితముతో మొదట ఒక అంతస్తు వేయును. పిల్లలు పెద్దవారగుదురు, ఒక వాటా అద్దెకిచ్చిన బాగుండునను ఆశ పుట్టును. ఇంటికిని ప్రహరీకిని నడుమ విడిచిన సందులో మెట్లు వచ్చును. స్నానాల గది వచ్చును. పైన స్లాబు ప్రహరీ మీదికి సాగును. ఒకనాటి ఉదయమున పొరుగింటి వంటగది కిటికీలో ఆకాశమునకు బదులు ఇటుకలు కనబడును.

ఆ సందు ఎవరిది? దస్తావేజు ప్రకారము కట్టువానిదే. అయినను దానిని తన యిచ్చ వచ్చినట్లు నింపుకొనుటకు అతనికి అధికారము లేదు. 2012 నాటి భవన నిర్మాణ నియమములు స్థల విస్తీర్ణమును, భవనపు ఎత్తును బట్టి నలువైపుల విడువవలసిన జాగాను నిర్ణయించినవి. రెండువందల గజములనగా సుమారు 167 చదరపు మీటర్లు. అట్టి స్థలమున వీధివైపు గాక తక్కిన ప్రక్కల ఒక మీటరు విడువవలెను. మీటరనగా ఒక మనిషి నడచుటకు చాలిన త్రోవ మాత్రమే. రెండిండ్లకును గాలి, వెలుతురు వచ్చునది ఆ త్రోవనే. కావున నేల ఒకరిదైనను, ఆ ఖాళీ ఇద్దరిది.

ఇది పడమటి దేశముల నుండి వచ్చిన కొత్త భావము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణమున గృహవాస్తు విషయమై ఒక అధ్యాయమే ఉన్నది. రెండిండ్ల నడుమ, ముందుకు సాగిన భాగముల నడుమ సైతము ఎంత ఎడముండవలెనో అందు చెప్పబడినది. పొరుగువారు పరస్పరము ఒప్పుకొని మరియొక విధముగ కట్టుకొనవచ్చును; కాని కీడు కలిగించు దానిని విడువవలెను. ఇండ్ల తగవులు పొరుగువారి సాక్ష్యముపై తీరవలెనని కూడ అతని మతము.

నేటి పద్ధతి వేరు. 2020 నాటి తెలంగాణ చట్టము 500 చదరపు మీటర్ల లోపు స్థలమున పది మీటర్ల ఎత్తు వరకు కట్టుటకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదనే తక్షణానుమతి కల్పించినది. కార్యాలయముల చుట్టు తిరుగు బాధ తప్పినది, సంతోషమే. కాని కౌటిల్యుడు పొరుగువానిని సాక్షిగా నిలిపినాడు. నేటి చట్టము కట్టువానినే సాక్షిగా నిలిపినది. అనుమతి పొందిన నాటి పటము ఒకటియు, లేచిన గోడ మరియొకటియు అయినచో, ఆ మాట మొదట తెలియునది పొరుగువానికే. అతనిని అడిగినవారు లేరు.

అతిక్రమణములను రుసుముతో క్రమబద్ధము చేయు పథకములు 2007లో ఉమ్మడి రాష్ట్రమునను, 2015లో తెలంగాణమునను వచ్చినవి. రుసుము ఖజానాకు చేరును. పోయిన వెలుతురు పొరుగింటికి చేరదు. నష్టము ఒకరిది, పరిహారము మరియొకరికి. ఇది న్యాయమనిపించుకొనదు.

కట్టువానికిని ఇబ్బందులు లేకపోలేదు. స్థలము చిన్నది, కుటుంబము పెద్దది, ధర అందరానిది. అయినను తన ఇరుకును పొరుగువానికి పంచియిచ్చుట ఇరుకునకు మందు కాదు. పైకి కట్టుటకు నియమమున్నంత మేరకు త్రోవ ఉన్నది. ప్రక్కకు జరుగుటకే లేదు.

ఇక పొరుగువాని ధర్మమేమి? పలువురు మొగమాటముచే ఊరకుందురు. నిత్యము మొగములు చూచుకొనవలసినవారితో పేచీ ఏల యని తలంతురు. ఈ మౌనము మర్యాదగా తోచును గాని, దానికి వెల పెద్దది. ఎదుటివాని తప్పును తెలిసి సమ్మతించి ఊరకున్నవానికి ఆ తప్పును ఆపు ఇంజంక్షను లభింపదని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము చెప్పుచున్నది. కిటికీ వెలుతురుపై అనుభవపు హక్కు కలుగుటకు 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టము ఇరువది యేండ్ల నిరాటంకానుభవమును కోరుచున్నది. నిన్న మొన్న లేచిన కాలనీలో ఇరువది యేండ్ల ఇల్లెక్కడిది? అచటివారికి ఆ మీటరు నియమమే రక్ష.

కావున మాటాడవలసినది స్లాబు పడిన పిదప కాదు, ముగ్గు పోసిన నాడే. టేపు పట్టి కొలుచుకొనుట, పటమును చూపుమని అడుగుట, కిటికీ ఎదుట కిటికీ రాకుండ, వాననీరు ప్రహరీ మీద పడకుండ ఒప్పుకొనుట, ఆ మాటలను కాగితముపై పెట్టుకొనుట శత్రుత్వము కాదు. వినకపోయినప్పుడు పురపాలక కార్యాలయమునకు వ్రాతపూర్వకముగ తెలుపవలెను; ఆపైన సివిలు కోర్టు ఉన్నది. కాని అప్పటికి గోడ లేచును, ఖర్చు పెరుగును, పలుకరింపు పోవును.

ఇంగ్లండులో 1996 నాటి చట్టము ప్రకారము సరిహద్దుపై గోడ కట్టుటకు ముందు, పొరుగు కట్టడమునకు మూడు మీటర్లలోపు దాని పునాదికన్న లోతుగ త్రవ్వుటకు ముందు, పొరుగువానికి నెల ముందుగ వ్రాతపూర్వకముగ తెలుపవలెను. అట్టి నియమమొకటి ఇచటను రావలెను. స్వీయ ధ్రువీకరణముతోపాటు పొరుగువానికి పటము చేరినట్లు ఒక రసీదు కోరుట ప్రభుత్వమునకు భారము కాదు. అనుమతి శీఘ్రముగనే వచ్చును. సాక్షి కూడ ఉండును.

ఇటుకలతో లేచిన గోడను ఇటుకలు తీసి దింపవచ్చును. మనస్సుల నడుమ లేచిన గోడను దింపు మేస్త్రీ లేడు.